తాళ్లవంతెన మీది పిల్ల

మా అవ్వ మేనమామ మాటల్లేని సినిమాలకు మాటలు చెప్పేవాడు. నేను పుట్టేసరికే ఆయన పోయి చాలా కాలమైంది. అయినా ఆయన గొంతు ఎట్లా ఉండేదో నాకు తెలుసు. కథ చెప్పేటప్పుడు అవ్వ తన గొంతు పక్కనపెట్టి ఆయన గొంతు తెచ్చుకునేది.

అవ్వ అంటే మా నాయన వాళ్లమ్మ. ఆమె పుట్టిల్లు వాల్‌టాక్స్ రోడ్డు పక్క సందులో ఉండేది. ఆ దగ్గర్లోనే ఒక డేరా వేసి బొమ్మలు, అంటే ఆ మాటల్లేని సినిమాలు, ఆడించేవాళ్లట. కింద ఇసుక. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఒక గుడ్డ కట్టేవాళ్లు. మిషను ఒకటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆపి దీపాలు వెలిగించేవాళ్లు. తెర పక్కన ఒక బల్ల మీద మామ బెత్తం పట్టుకుని నిలబడి, "ఇదిగో వస్తా ఉన్నాడు చూడండి దుర్మార్గుడు" అని ఒకసారి తెలుగులోనూ ఒకసారి అరవంలోనూ అరిచేవాడు. ఆయన కింద హార్మోనియం, తబలా.

బొమ్మతో పాటు కథ అచ్చువేసిన కాగితం ఒకటి వచ్చేది, ఇంగ్లీషులో. మామకు ఇంగ్లీషు రాదు. మొదటి ఆటకు కళ్లకు కనిపించింది కనిపించినట్టు చెప్పుకుపోయి, రెండో ఆటకల్లా కథ తనే అల్లేసుకునేవాడు. "మొదటాటకి పోయినోళ్లకి పాపం ఒకటీ అర్థమయ్యేది కాదు. మేం ఎప్పుడూ రెండో ఆటకే పోతాం" అనేది అవ్వ.

తొంభైల మొదట్లో సౌకార్‌పేటలో మా నాయనకు గుండీలూ దారాలూ లేసులూ టోకున అమ్మే అంగడి ఉండేది. ఆ అంగడి మీది మేడలో మా కాపురం. అప్పటికే ఇంటింటికీ కేబుల్ వచ్చేసింది. మధ్యాహ్నమైతే వీధి ఆడవాళ్లంతా టీవీల ముందే. కానీ కరెంటు పోయిందంటే పక్క వాటాల వాళ్లు విసనకర్రలు పట్టుకుని మా మేడకే వచ్చేవాళ్లు. అవ్వ గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుని మొదలుపెట్టేది.

జమీందారు కూతురు పగలంతా వీణ ముందు కూర్చుని, చీకటి పడగానే మొహానికి నల్లగుడ్డ కట్టుకుని గుర్రమెక్కి తండ్రి గాదెలే కొల్లగొట్టే కథ ఒకటి. ముత్యాల వర్తకుడి కూతురు పడవవాణ్ణి ప్రేమిస్తే, తండ్రి వాణ్ణి పులులున్న దీవిలో వదిలేసి వస్తాడు. వాడు ఆ పులినే మచ్చిక చేసుకుని, దాన్ని వెంటబెట్టుకుని పెళ్లి పందిట్లోకి నడిచి వస్తాడు. "పందిట్లో ఎవురూ మిగల్లా. పిల్ల, పురోహితుడు, పులి. అంతే" అని అవ్వ చెబుతుంటే, వినీ వినీ అరిగిపోయిన కథైనా అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. వినేవాళ్లలో సగం మంది గుజరాతీ, మార్వాడీ ఆడవాళ్లు. అవ్వ తెలుగూ అరవమూ కలిపి చెప్పేది. వాళ్లకెంత అర్థమయ్యేదో గానీ నవ్వాల్సిన చోట మాతోబాటే నవ్వేవాళ్లు.

అన్నిట్లోకీ నాకిష్టమైంది తాళ్లవంతెన కథ. కత్తులు సానపట్టేవాడి కొడుకునీ ఒక రాజకుమారినీ ప్రేమ కలుపుతుంది. రాజ్యం మీద కన్నేసిన మంత్రి వాణ్ణి పట్టి జలపాతం కింది చెరసాలలో వేయిస్తాడు. రాజకుమారి మగ సిపాయి వేషం వేసుకుని, తలపాగాలో జుట్టు దాచుకుని, కావలివాళ్లను మాయచేసి వాణ్ణి విడిపిస్తుంది. ఇద్దరూ పరిగెత్తుతుంటే వెనక గుర్రాలు, ముందు లోయ, లోయ మీద తాళ్లవంతెన. వాడు అవతలికి చేరిపోతాడు. ఆమె నడిమధ్యలో ఉండగా మంత్రి కత్తి దూసి తాడు నరికేస్తాడు. ఆమె నదిలో పడిపోతుంది. కడపటి రీల్లో వాడు ఆమె తలపాగా చేతిలో పట్టుకుని నది ఒడ్డున తల వంచుకుని కూర్చుని ఉంటాడు. మంచు కమ్మేసి ఉంటుంది. ఆ మంచులోంచి తెల్లబట్టల్లో, జుట్టు విరబోసుకుని ఆమె నడిచి వస్తుంది. భుజం మీద చెయ్యి వేస్తుంది. వాడు తల తిప్పి చూస్తాడు. బొమ్మ అయిపోతుంది.

"బతికి వొచ్చింది" అనేది అవ్వ. "పెళ్లి చేసుకున్నారు. మా మామ కథల్లో ఏ ఆడబిడ్డా చచ్చేది లేదు."

నేను బి.కాం. చదివి హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తున్నప్పుడు ఒక సంబంధం వచ్చింది. మైలాపూరు వాళ్లు. మాలాగే ఎన్నో తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. అబ్బాయి అంబత్తూరులో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఒక ఆదివారం సాయంకాలం అబ్బాయి, అతని అమ్మా నాయనా, వాళ్లతో పాటు లెక్కల మేష్టరుగా చేసి రిటైరైన తాతా వచ్చారు. అమ్మ పెళ్లిచూపుల మామూలు ప్రకారం రవ్వ సొజ్జీ, బజ్జీ చేసింది. అందరికీ ప్లేట్లిచ్చి నేను చాప మీద కూర్చున్నాను.

కాసేపు ఎండల గురించి మాట్లాడారు. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. అబ్బాయి వాళ్లమ్మ ఆ మౌనాన్ని భరించలేక కాబోలు అడిగింది.

"పాట ఏదైనా పాడతావామ్మా?"

నాకు పాట రాదు. రాదని చెబితే అమ్మ నొచ్చుకుంటుంది. ఏం చెప్పాలా అని చూస్తుంటే అవ్వ అందుకుంది.

"పాటదేముందమ్మా, రేడియో తిప్పితే వొస్తాది. మా పిల్ల కథ బాగా చెప్తాది. చెప్పవే, ఆ తాళ్లవంతెన కథ."

నాయన దగ్గాడు. అమ్మ "అత్తా" అంది పళ్ల మధ్య నుంచి. కానీ అబ్బాయి మొదటిసారి తలెత్తి నావైపు చూసి, "చెప్పండి" అన్నాడు. ఆఫీసులో ఇరవై మంది ముందు మాట్లాడేదాన్నే గానీ, పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని, సిపాయి వేషాలూ గుర్రాలూ చెప్పాలంటే మొదట నాలుక తిరగలేదు. చెరసాల దాకా వచ్చేసరికి చేతులు వాటంతటవే లేచాయి. తాడు తెగినప్పుడు వాళ్లమ్మ "అయ్యో" అంది. నాకు ధైర్యం వచ్చింది. మంచు, తెల్లబట్టలు, భుజం మీద చెయ్యి. "బతికి వచ్చింది, పెళ్లి చేసుకున్నారు" అని ముగించాను.

అంతసేపూ బజ్జీ చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చున్న తాత అప్పుడన్నాడు.

"తప్పు. ఆ పిల్ల చచ్చిపోయింది."

లెక్క తప్పు చేసిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. శుభమా అని పెళ్లిచూపులకు వచ్చి అనే మాటేనా అది.

అవ్వ కాళ్లు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. "ఎవురు చెప్పినారు మీకు?"

"ఎవురో చెప్పేదేంది? నేను చూసినా. తిరువళ్లిక్కేణిలో, సముద్రం పక్కన డేరాలో. పదేళ్లుంటాయి నాకు."

"నేనూ చూసినా. మా మామే ఆ బొమ్మకి కథ చెప్పింది."

"ఆమె కాళ్లు నేలకానలా. మంచులో తేలతా వొచ్చింది. దెయ్యమై వొచ్చింది."

"ఆమె బట్టల్లో నుంచి నీళ్లు కారతా ఉండె. దెయ్యానికి బట్టలు తడుస్తాయా?"

"మామా!" అంది అబ్బాయి వాళ్లమ్మ తాతతో. "చావులూ దెయ్యాలూ ఏంది మామా, ఈడ కూర్చుని?"

తాత వినలేదు. అవ్వా వినలేదు. మంత్రి ఏమయ్యాడో, తలపాగా ఏ చేతిలో ఉందో, గుర్రం తెల్లదో నల్లదో వాళ్లిద్దరూ తేల్చుకుంటుంటే పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఓరగా చూస్తే అబ్బాయి కూడా కర్చీఫులో మొహం దాచుకుని భుజాలు అదిరేట్టు నవ్వుతున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ ఖాళీ ప్లేట్లు తీస్తూ, "ఎల్లాం పోచ్చు" అంది. అంతా అయిపోయిందని. "మంచి సంబంధం. మంచి మనుషులు. మీ కథతో తరిమేసినారు" అని అవ్వ మీద కోప్పడింది. అవ్వ మాత్రం "కాళ్లు ఆనలేదంట, కాళ్లు" అని గొణుక్కుంటూనే ఉంది.

ఆ వారంలోనే కింద అంగట్లో ఫోను మోగింది. నాయన మెట్ల దగ్గరికొచ్చి పైకి కేకేశాడు. మైలాపూరు నుంచి అని వినగానే అమ్మ చేయి కడుక్కుని పరుగున దిగింది. నాయన ఆమెను ఆపి, "నీకు కాదు. మా అమ్మకంట. పెద్దాయన అమ్మతోనే మాట్లాడాలంటున్నాడు" అన్నాడు. అవ్వ మెల్లగా దిగి, రిసీవరు చెవికి తల్లకిందులుగా పెట్టుకుంది. నాయన సరిచేశాడు. గుండీలు కొనడానికొచ్చిన వాళ్లంతా చూస్తుండగా అవ్వ గట్టిగా అరిచింది.

"ఆమా, గుర్రం నల్లదే. అది ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను."

ఆ తర్వాత తాత తనే వచ్చాడు. ఆయనకు కళ్లు సరిగా ఆనవు. మింట్ స్ట్రీట్ జనంలో, తోపుడుబండ్ల మధ్య ఒంటరిగా నడవలేడని మనవణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పెళ్లి సంగతి ఒక్క మాట ఎత్తలేదు. అవ్వ ముందు కుర్చీ వేయించుకుని, "ఆ బొమ్మలో తొలి రీలు మీకు గుర్తుందా అమ్మా?" అని మొదలుపెట్టాడు. అమ్మకు ఏం చేయాలో తోచక కాఫీ పెట్టింది. అబ్బాయీ నేనూ మేడమెట్ల మీద ఒక మెట్టు ఎడంగా కూర్చున్నాం, లోపలి వాళ్లకు కనిపించేట్టు.

"తాత ఇట్లా మాట్లాడి చూసిందే లేదు" అన్నాడతను. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం తమిళంలోకి జారిపోయేది అతనికి. "ఇంట్లో పేపరు చదివించుకుంటాడు, వార్తలు వింటాడు, అంతే. ఆ రోజు ఇంటికి పోయినాక రాత్రి భోజనంలో కూడా అదే కథ."

"మీకేమనిపిస్తుంది? బతికిందా, చచ్చిపోయిందా?" అని అడిగాను.

"నేను ఇంజనీరును. తాళ్లవంతెన ఎంత ఎత్తులో ఉందో చెబితే చెప్తా" అని నవ్వి, "మీకేమనిపిస్తుంది?" అన్నాడు.

"ఆ పిల్లకు ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు ఇంతవరకు" అన్నాను.

అతను లేచి నేరుగా లోపలికి పోయి ఇద్దర్నీ అదే అడిగాడు. ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. రెండో రీల్లో అంతఃపురం కొలనులో ఆమె చెలికత్తెల మీద నీళ్లు చల్లి, అవతలి ఒడ్డు దాకా ఈది తామరపువ్వు తెస్తుంది. ఇద్దరికీ గుర్తుంది. అవ్వ మొహం వెలిగిపోయింది. తాత మాత్రం, "కొలను వేరు, కొండవాగు వేరు" అన్నాడు.

అట్లా ఆ ఎండాకాలమంతా వచ్చారు. వచ్చినప్పుడల్లా ఆ మెట్ల మీద మాకు తీరిగ్గా మాట్లాడుకునే వీలు దొరికింది. అతనికి చేపలంటే పడదని, బస్సులో నిలబడే నిద్రపోగలడని, నవ్వొస్తే ఆపుకోలేడని అక్కడే తెలిసింది. పెళ్లిచూపుల్లో ఒకసారి చూసి సరే అనాల్సిన రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ముహూర్తం ఎవరు ఎప్పుడు అడిగారో కూడా నాకు సరిగా గుర్తులేదు. ఒక రోజు అతని అమ్మా నాయనా కూడా వాళ్లతో వచ్చారు, పండూ తాంబూలమూ తెచ్చారు. అప్పటికి తాత అవ్వను చెల్లెమ్మా అంటున్నాడు. అవ్వ ఆయన్ని అన్నా అంటోంది.

ఆయన ఎందుకంత పట్టుబట్టాడో కూడా ఆ రోజుల్లోనే చెప్పాడు. ఆ బొమ్మకు ఆయన్ని తీసుకుపోయింది ఆయన అక్క. కడపటి రీలు అయ్యాక అక్క ఏడుపు మొదలుపెట్టి జట్కాలో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉందట. వాళ్లమ్మ చూసి, పిల్లల్ని ఏడిపించే బొమ్మలు మనకొద్దని ఇద్దర్నీ మళ్లీ డేరాకు పంపలేదు. ఆయన పెద్దవాడై తన ఇష్టప్రకారం తిరిగేసరికి బొమ్మలకు మాటలొచ్చేశాయి. "నేను చూసిన మూగబొమ్మ అదొక్కటే చెల్లెమ్మా. తిరువళ్లిక్కేణి డేరాలో నిలబడి చెప్పినాయన ఏడుపు గొంతుతో 'పోయింది, పోయింది' అని చెప్పినాడు. అది నా చెవిలో ఇంకా ఉంది. అక్క అంత ఏడ్చింది గదా, బతికింటే ఎందుకేడుస్తాది?"

అవ్వ ఆ రోజు వాదించలేదు. లేచి నిలబడి, వంటింట్లోంచి పప్పుగుత్తి తెప్పించుకుని బెత్తంలాగా పట్టుకుని, వాళ్ల మామ చెప్పినట్టే ఆ కథ మొదటి నుంచి చివరిదాకా ఆయనొక్కడికే చెప్పింది. తాత కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక, "ఇది మా అక్క విని ఉండాల్సింది" అన్నాడు.

"ఎక్కడుంది అక్క?"

"తిరుత్తణిలో, కొడుకు కాడ. మోకాళ్లు పట్టేసినాయి. పెళ్లికొస్తాది."

మా పెళ్లి పురసవాకంలో ఒక కల్యాణమండపంలో జరిగింది. తాత వాళ్లక్క కర్ర పట్టుకుని వచ్చింది. ఆమెను ముందు వరసలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. సన్నగా, పొట్టిగా, నోట్లో పళ్లు లేకుండా, ముత్యాల కమ్మలతో చాలా అందంగా ఉంది. తాళి కట్టడం అయ్యాక మేం ఆశీర్వాదం తీసుకోవడానికి ఆమె దగ్గరికి పోతే, మా కంటే ముందే తాతా అవ్వా అక్కడ చేరి ఉన్నారు. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ పిల్ల చావలేదు. బతికే ఉంది. మీరు ఇన్నేళ్లు బాధపడినారంట."

"ఏ పిల్ల?" అంది ఆమె భయంగా, మా ఇద్దరి వైపు చూస్తూ.

తాత ఆమె చెవి దగ్గర వంగి చెప్పాడు. డేరా, వంతెన, మంచు. ఆమెకు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత నోరు తెరిచి, శబ్దం లేకుండా నవ్వడం మొదలుపెట్టింది.

"బతకలేదని ఎవురన్నారు? నేను చూసినా గదరా."

"మరి ఎందుకేడిస్తివి?"

"సంతోషానికి ఏడిస్తిని."

తాత పక్క కుర్చీలో కూర్చుండిపోయాడు. "ఆయన పోయింది పోయింది అని చెప్పినాడు గదక్కా?"

"నాకేం వినబడింది? ఆడోళ్ల పక్క చంటిబిడ్డ ఒకటే గుక్క. తెర పక్కన ఎవురో అరస్తా ఉన్నాడు, ఒక్క ముక్క తెలిసింది లేదు. నేను బొమ్మే చూసినా. పిల్ల నీళ్లలో నుంచి లేచి నడుచుకుంటా వొచ్చింది, వాడి భుజం మీద చెయ్యేసింది. ఇంకేం చెప్పాల?" ఆమె కర్ర పక్కన పెట్టింది. "ఆ నెల్లోనే నాకు పెళ్లి. ఆయన మొగం కూడా నేను చూడలా. ఈ పిల్లేమో తనకి కావాల్సినోడి కాడికి తనే నడిచి వొచ్చింది. ఏడుపు రాదా?"

ఆమె మా మొహాలు చూసి, "మీ బావ మంచోడే లేరా. నాకేం తక్కువ చేసినాడు?" అని తాత మోకాలి మీద తట్టింది. "అడిగింటే అప్పుడే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, అమ్మా అడగలేదు."

తాత అక్కనూ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు కోపమొస్తుందేమోనని మేం అనుకుంటుండగానే గట్టిగా నవ్వాడు. నా భర్త సరేసరి. పెళ్లి ఫోటోల్లో ఒకదాంట్లో మేమంతా కళ్లు మూసుకుపోయి, నోళ్లు తెరిచి నవ్వుతూ ఉంటాం. ఫోటోలు తీసినాయన అది బాగా రాలేదని ఆల్బంలో పెట్టకుండా విడిగా ఇచ్చాడు.

మైలాపూరులో నా కాపురం హాయిగానే గడిచింది. పొద్దున్నే ఇద్దరం చెరో దిక్కుకు ఆఫీసులకు పోయేవాళ్లం. ఇంటికొచ్చేసరికి తాత వాకిట్లో కుర్చీలో కూర్చుని నాకోసం చూస్తుండేవాడు, ఆఫీసులో ఏ ఓడ వచ్చింది, ఏ ఓడ పోయింది చెప్పించుకోవడానికి. ఎత్తులో స్తంభాల మీద నడిచే రైలు మైలాపూరు దాకా వచ్చాక అవ్వ రాకపోకలు ఎక్కువయ్యాయి. దాన్నందరూ పరక్కుం రైలు, ఎగిరే రైలు అనేవాళ్లు. ఆదివారం నేను బీచ్ స్టేషనుకు పోయి అవ్వను ఎక్కించుకొచ్చేదాన్ని. పెట్టె సగం ఖాళీగా ఉండేది. అవ్వ కిటికీ పక్కన కూర్చుని కింది మేడల మీద ఆరేసిన బట్టలన్నీ చూసుకుంటూ వచ్చేది.

వచ్చాక మధ్యాహ్నం దాకా కథలే. తాత దగ్గర ఒక్క కథే ఉంది గనక ఆయన వినేవాడు. దెయ్యం మాట వింటేనే అదిరిపోయిన మా అత్త ఇప్పుడు చిక్కుళ్లు ఒలుచుకుంటూ అక్కడే కూర్చుని, నల్లగుడ్డ కట్టుకున్న జమీందారు కూతురి కథ మళ్లీ చెప్పమనేది. ఒకసారి అవ్వకు ఒక కథ మధ్యలో ఆగిపోయింది. సముద్రదొంగ నౌకలో రాణి బందీగా ఉంది, పీపాలో మందుగుండు ఉంది, ఆ తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రోజు డేరాలో వాన నీళ్లొచ్చి ఆట ఆపేశారట.

"అయితే మనమే చెప్పుకుందాం చెల్లెమ్మా" అన్నాడు తాత. "రాణిని మాత్రం చంపేది లేదు."

"అట్లనే అన్నా. ముందు ఆ పీపాకి నిప్పెవరు పెట్టాల?"

"వంటవాడు పెట్టనీ. వాణ్ణెవరూ అనుమానించరు" అంది మా అత్త.

నా భర్త లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చుకుని వాళ్ల పక్కన వేసుకున్నాడు. నేను అన్నం వార్చి వచ్చి గడపలో కూర్చున్నాను.